నూటికి ఎంత వడ్డీ? కార్డులు, యాప్‌లు, వాయిదాల అప్పులను ఒకే కొలతతో చూస్తే

రిజర్వ్ బ్యాంకు ఆరు నెలలకోసారి వెలువరించే ఆర్థిక సుస్థిరత నివేదిక ప్రకారం, 2024 డిసెంబరు చివరి నాటికి మన దేశంలో కుటుంబాల మొత్తం అప్పు స్థూల దేశీయోత్పత్తిలో 41.9 శాతం. మనలాంటి ఇతర వర్ధమాన దేశాలతో పోలిస్తే ఇది పెద్ద సంఖ్య కాదని అదే నివేదిక చెబుతోంది. అందుకే ఈ అంకెను చూసి కొందరు భయపడనక్కర్లేదంటారు, మరికొందరు ప్రమాద గంట మోగిందంటారు. ఇద్దరూ ఒకే అంకె గురించి మాట్లాడుతున్నా, చూస్తున్నవి మాత్రం వేర్వేరు విషయాలు. మొత్తం అప్పు ఎంత అన్నది ఒక ప్రశ్న అయితే, అది దేనికోసం చేసిన అప్పు, ఎంత వడ్డీకి తెచ్చిన అప్పు అన్నవి అంతకంటే ముఖ్యమైన ప్రశ్నలు. ఈ అప్పులో సగానికి పైగా ఇల్లు కొనుక్కోవడానికి తీసుకున్నది కాదు. ఎక్కువగా వినియోగం కోసం తీసుకున్న వ్యక్తిగత రుణాలు, కార్డు బకాయిలు, వాహన రుణాలు, బంగారం తాకట్టు రుణాల వంటివే ఆ సగానికి పైబడిన భాగం.

వినియోగ రుణం అంటే, తెచ్చిన డబ్బు తిరిగి డబ్బును పుట్టించని ఖర్చుకు పోయే రుణం. కుట్టుమిషను కొనడానికి చేసిన అప్పును ఆ మిషనే తీర్చగలదు. పెళ్లి భోజనాలకో, ఫోనుకో, ఆసుపత్రి బిల్లుకో చేసిన అప్పును మాత్రం రేపటి జీతమే తీర్చాలి. ఆసుపత్రి బిల్లు అనవసర ఖర్చు కాదు, పెళ్లి కూడా చాలా కుటుంబాల దృష్టిలో అనవసరం కాదు. కాబట్టి ఈ నిర్వచనంలో మంచిచెడ్డల తీర్పు లేదు. ఈ అప్పు తీరే దారి ఒక్కటేనని, ఆ దారి నెల జీతమేనని మాత్రమే ఇది చెబుతుంది.

మన చేతిలో ఇప్పటికే ఉన్న కొలత

తెలుగు ఊళ్లలో వడ్డీని ఎప్పుడూ ఏడాదికి ఇంత శాతమని చెప్పుకోరు. నెలకు నూటికి ఎన్ని రూపాయలో చెప్పుకుంటారు. "రెండు రూపాయల వడ్డీ" అంటే నూరు రూపాయలకు నెలకు రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. ప్రోనోటు రాసేటప్పుడు రూపాయిన్నరకూ రెండు రూపాయలకూ మధ్య గంటసేపు బేరమాడే మనిషి, ఫోనులో వచ్చిన రుణానికి వడ్డీ ఎంతో చూడకుండా వేలితో నొక్కేయడం మనకు రోజూ కనిపిస్తుంది. అతనికి లెక్క రాక కాదు. అక్కడ వడ్డీని అతనికి అలవాటైన కొలతలో చెప్పలేదు. అందుకే ఈ వ్యాసంలో ప్రతి అప్పునూ నూటికి నెలకు ఎన్ని రూపాయలో తేల్చి చూద్దాం.

దానికి ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. వడ్డీని మొదట తీసుకున్న అసలు మీద చివరిదాకా లెక్కించడం ఒక పద్ధతి, దీన్ని ఫ్లాట్ రేటు అంటారు. ప్రతి నెలా కట్టగా మిగిలిన అసలు మీద మాత్రమే లెక్కించడం ఇంకో పద్ధతి. లక్ష రూపాయలను 24 నెలల వాయిదాలకు, 12 శాతం ఫ్లాట్ రేటుకు ఇచ్చారనుకుందాం. రెండేళ్లకు వడ్డీ 24,000, మొత్తం 1,24,000, నెల వాయిదా 5,167 రూపాయలు. వినడానికి ఇది రూపాయి వడ్డీ. అయితే ఆఖరి నెలలో మీ దగ్గర మిగిలి ఉండే బాకీ దాదాపు ఐదు వేలే, దానిపైనా పూర్తి లక్షకు కట్టినట్టే వెయ్యి రూపాయల వడ్డీ కడుతున్నారు. మిగిలిన అసలు మీద లెక్కిస్తే ఈ రుణానికి పడుతున్నది ఏడాదికి సుమారు 21.6 శాతం. రూపాయి అని చెప్పిన వడ్డీ నిజానికి రూపాయి ఎనభై పైసలన్నమాట. టూవీలర్ల షోరూముల్లోనూ, ఎలక్ట్రానిక్ వస్తువుల దుకాణాల్లోనూ చెప్పే వడ్డీ రేటు ఈ రెంటిలో ఏదన్నది తెలియకుండా రెండు రుణాలను పోల్చి చూడలేం.

క్రెడిట్ కార్డు: ఒకే కార్డు, రెండు వేర్వేరు అప్పులు

బిల్లు మొత్తం గడువులోగా కట్టేవారికి క్రెడిట్ కార్డు వడ్డీ లేని చేబదులు లాంటిది. పూర్తిగా కట్టనివారికి అదే కార్డు మన బ్యాంకింగ్ వ్యవస్థ ఇచ్చే అప్పుల్లో అత్యంత ఖరీదైన వాటిలో ఒకటి. కార్డు మంచిదా చెడ్డదా అన్న వాదన ఎప్పటికీ తెగకపోవడానికి కారణం ఇదే. వాదించే ఇద్దరి జేబుల్లో ఉన్నది ఒకే ప్లాస్టిక్ ముక్క, కాని ఇద్దరూ వాడుతున్నవి రెండు వేర్వేరు అప్పులు.

చాలా కార్డుల మీద వడ్డీ నెలకు 3.5 శాతం, అంతకంటే కొంచెం ఎక్కువ కూడా ఉంటుంది. అంటే మూడున్నర రూపాయల వడ్డీ. ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ పడుతుంది గనుక చేతి నుంచి పోయేది నూటికి 4 రూపాయల 13 పైసలు. ఊళ్లో ఎవరైనా నాలుగు రూపాయల వడ్డీకి అప్పు ఇస్తున్నాడని తెలిస్తే అతని గుమ్మం తొక్కడానికే జంకుతాం.

ఇక బిల్లులో మినిమం డ్యూ అని కనిపించే కనీస చెల్లింపు సంగతి. 50,000 రూపాయల బకాయి ఉందని, కొత్తగా ఏమీ కొనడం లేదని, వడ్డీ కలిపిన మొత్తంలో 5 శాతాన్ని ప్రతి నెలా కనీసంగా కడుతున్నారని అనుకుందాం. మొదటి నెల వడ్డీ 1,750, దానిపై జీఎస్టీ 315, వెరసి 2,065 రూపాయలు. బకాయి 52,065 అవుతుంది. అందులో 5 శాతం, అంటే 2,603 కడతారు. అసలు తగ్గింది 538 రూపాయలు మాత్రమే. ఇలా ఏడాది పొడవునా ఒక్క గడువూ తప్పకుండా కడితే, కట్టిన మొత్తం సుమారు 29,450 రూపాయలు, తగ్గిన బకాయి సుమారు 6,090. మిగిలిన 23,000 పైచిలుకు వడ్డీకీ పన్నుకూ పోయింది. అప్పు సగానికి, అంటే 25,000కు దిగడానికి ఐదేళ్లు దాటుతుంది. కొన్ని బ్యాంకులు వడ్డీ మొత్తాన్ని వేరుగా కలిపి, దానికి అదనంగా అసలులో 5 శాతాన్ని కనీస చెల్లింపుగా అడుగుతాయి. అప్పుడు బాకీ ఇంతకంటే వేగంగా కరుగుతుంది, నెల చెల్లింపు మాత్రం దాదాపు ఒకటీ ముప్పావు రెట్లవుతుంది.

కనీస చెల్లింపు కట్టినా అప్పు పెరిగిపోయేలా లెక్క ఉండకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 నాటి కార్డుల మార్గదర్శకాల్లో ఆదేశించింది. కనీసం మాత్రమే కడుతూ పోతే తీర్చడానికి ఏళ్లు పడుతుందన్న హెచ్చరిక ప్రతి బిల్లులోనూ ఉండాలని కూడా చెప్పింది. ఆ హెచ్చరిక ఉంటుంది, అయితే "ఇప్పుడే చెల్లించండి" అన్న మీట పక్కన ముందుగా కనబడేది కనీస మొత్తమే.

ఇందులో చాలామందికి తెలియని ఇంకో మెలిక ఉంది. బిల్లులో కొంత భాగం మిగిల్చిన నెల నుంచి, కొత్తగా చేసే కొనుగోళ్లకు కూడా ఆ వడ్డీ లేని గడువు పోతుంది. కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. పాత బకాయి ఉంచుకుని అదే కార్డుతో కిరాణా సరుకులు కొంటే, ఆ పప్పూ నూనే కూడా నాలుగు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నవే. కార్డుతో ఏటీఎంలో నగదు తీస్తే వడ్డీ లేని గడువు అసలే ఉండదు, పైగా తీసినందుకు రుసుము వేరు.

కార్డుల వడ్డీకి చట్టం ఒక హద్దు పెట్టిందా అన్న ప్రశ్న కూడా తరచుగా వినబడుతుంది. ఏడాదికి 30 శాతం మించి వసూలు చేయడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు ఇచ్చింది. వడ్డీ రేట్ల వ్యవహారం రిజర్వ్ బ్యాంకు పరిధిలోనిదంటూ సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న ఆ తీర్పును కొట్టివేసింది. కాబట్టి ఇప్పుడు అలాంటి హద్దు లేదు.

"వడ్డీ లేని వాయిదా" ఎవరికి వడ్డీ లేనిది?

నో కాస్ట్ ఈఎంఐ అని పిలిచే పద్ధతిలో వడ్డీ మాయం కాదు, దాన్ని కట్టేవారు మారతారు. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని, ఇటువంటి పథకాల్లో వడ్డీ వేరే పేరుతో దాగి ఉంటుందని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు రాసింది. ఆ తరువాత ఆ పేరుతో వస్తున్న పథకాల్లో సాధారణంగా కంపెనీయో దుకాణమో వడ్డీకి సరిపడా తగ్గింపు ఇస్తుంది, బ్యాంకు దాన్ని వడ్డీగా వసూలు చేసుకుంటుంది.

30,000 రూపాయల ఫోను, ఆరు నెలలు, నెలకు 5,000 చొప్పున అనుకుందాం. బ్యాంకు వడ్డీ 15 శాతమైతే బ్యాంకు పుస్తకాల్లో రుణం 28,730, వడ్డీ 1,270. ఆ వడ్డీ మీద జీఎస్టీ సుమారు 229 రూపాయలు కొనేవారే కట్టాలి. ప్రాసెసింగ్ రుసుము 199, దానిపై పన్ను 36. ఇంతవరకు అదనపు భారం 464 రూపాయలు. ఇది పెద్ద మొత్తం కాదు, ఆరు నెలల వెసులుబాటుకు ఇది సబబేనని వాదించవచ్చు కూడా. అయితే అదే ఫోనును ఒకేసారి డబ్బు కట్టి కొంటే 1,500 తగ్గిస్తామని దుకాణం చెప్పి ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు 28,500కు దొరికే వస్తువుకు వాయిదాల్లో 30,464 కడుతున్నారు. మిగిలిన అసలు మీద లెక్కిస్తే ఇది ఏడాదికి దాదాపు 23 శాతం, అంటే నూటికి రెండు రూపాయలకు కాస్త తక్కువ. ఏ తగ్గింపూ దొరకని చోట ఇది చౌక అప్పే, తగ్గింపు దొరికే చోట ఊరి వడ్డీ అప్పే. రెంటికీ పేరు మాత్రం ఒకటే.

గిరిగిరి నుంచి ఏడు రోజుల యాప్ దాకా

తోపుడుబండ్ల వాళ్లూ, చిన్న హోటళ్ల వాళ్లూ రోజువారీ ఫైనాన్సు దగ్గర, అంటే తెలంగాణలో గిరిగిరి అని పిలిచే చోట తీసుకునే అప్పు తీరు ఇలా ఉంటుంది: పదివేలు అని రాసుకుని తొమ్మిది వేలు చేతికిస్తారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. పదిశాతం కోత అనిపిస్తుంది. మిగిలిన అసలు మీద లెక్క కడితే ఇది నూటికి నెలకు ఆరు రూపాయల నలభై పైసల వడ్డీ, ఏడాదికి 77 శాతం. అప్పు తీసుకున్న మరునాడే తీర్చడం మొదలుపెట్టినా వడ్డీ మాత్రం వంద రోజులూ పూర్తి మొత్తం మీదే ముందుగా కోసేసుకోవడం వల్ల ఇలా అవుతుంది.

విజయవాడలో 2015 డిసెంబరులో బయటపడిన కాల్‌మనీ వ్యవహారం ఈ రకం అప్పుల ఇంకో ముఖాన్ని చూపింది. అడిగిన క్షణాన మొత్తం బాకీ తిరిగి కట్టాలన్న షరతుతో ఇచ్చిన డబ్బుకు ఆస్తులు రాయించుకోవడం, మహిళలను వేధించడం అప్పట్లో పోలీసు కేసులకెక్కాయి.

2020 నాటికి ఇదే వ్యాపారం ఫోనులోకి వచ్చింది. ఏడు రోజుల యాప్ అప్పుల్లో కనబడిన తరహాను చూడండి. 5,000 మంజూరైనట్టు చూపి, రకరకాల రుసుముల పేరుతో కోసి 3,500 ఖాతాలో వేస్తారు, ఏడో రోజున 5,000 కట్టాలి. 3,500 మీద ఏడు రోజులకు 1,500 వడ్డీ. నెలకు లెక్కిస్తే నూటికి 180 రూపాయలకు పైనే. ఆ గడువుకు డబ్బు సర్దలేకపోతే ఇంకో యాప్‌లో తీసుకుని ఇక్కడ కట్టాలి. మొదటి 5,000 తీర్చడానికి రెండో చోట కనీసం 7,143 మంజూరు కావాలి, ఎందుకంటే అక్కడా అదే కోత. మూడో వారానికి ఆ సంఖ్య పదివేలు దాటుతుంది. ఒక్క రూపాయి కొత్తగా ఖర్చు పెట్టకుండానే అప్పు రెట్టింపయిందన్నమాట. అప్పుడు మొదలయ్యేవి ఫోన్లు, ఆ తరువాత ఫోనులోని పరిచయస్తులందరికీ పంపే అవమానకర సందేశాలు. తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నాక, 2020 డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు ఈ యాప్‌ల కాల్‌సెంటర్లపై దాడులు చేసి పలువురిని అరెస్టు చేశారు. ఆ చనిపోయినవారి అప్పు మొత్తాలు చాలాసార్లు చిన్నవే. ప్రాణం తీసింది బాకీ మొత్తం కాదు, పరువు తీస్తామన్న బెదిరింపు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

తరువాత 2022 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు తెచ్చిన డిజిటల్ రుణాల మార్గదర్శకాల ప్రకారం, రుణం నేరుగా బ్యాంకు లేదా నమోదైన ఫైనాన్సు సంస్థ ఖాతా నుంచే రుణగ్రహీత ఖాతాకు రావాలి, యాప్ ఫోనులోని పరిచయాల జాబితానూ ఫొటోలనూ తాకకూడదు, అన్ని రుసుములూ కలిపిన వార్షిక వడ్డీని ముందే చెప్పాలి. నమోదైన సంస్థలు ఈ నిబంధనలకు లోబడతాయి. నమోదే లేని యాప్‌లకు మాత్రం నిబంధనల భయం లేదు, వాటితో పోరాడేది పోలీసులే.

ఒక్క వాయిదా తప్పకుండానే అప్పు పెరిగే తీరు

అప్పుల ఊబి అంటే విలాసాలే గుర్తుకొస్తాయి గాని, ఎక్కువ ఇళ్లలో అది అంత నాటకీయంగా మొదలవదు. గుంటూరులో నెలకు 38,000 చేతికొచ్చే ఒక ప్రైవేటు ఉద్యోగి కుటుంబాన్ని ఊహించుకుందాం. అద్దె 9,000. పాలు, కూరలు, సరుకులు, గ్యాసు, కరెంటు కలిపి 12,000. స్కూలు ఫీజు నెల సగటున 4,000. పెట్రోలు, ఫోన్లు, మందులు 4,000. ఇవి పోగా మిగిలేది 9,000. బైకు వాయిదా 3,200, ఫ్రిజ్, ఫోను వాయిదాలు 3,300. ఇంకా 2,500 మిగులుతుంది. ఇంతవరకు ఏ పొరపాటూ కనబడదు.

ఇంటి పెద్దాయనకు ఆపరేషను అవసరమై, 70,000 వ్యక్తిగత రుణం తీసుకున్నారు. 18 శాతం వడ్డీకి మూడేళ్ల వాయిదా 2,531. మిగులు పోయి నెలకు 31 రూపాయల లోటు వచ్చింది. జూన్‌లో బడి తెరిచినప్పుడు పుస్తకాలు, యూనిఫాం, ఫీజు బాకీ కలిపి 20,000 కార్డు మీద కట్టారు. నెల తిరిగేసరికి వడ్డీ, పన్ను 826, కనీస చెల్లింపు 1,041. ఆ 1,041 జీతంలో లేదు. కనుక దాన్ని కట్టి, అంత విలువైన సరుకులను అదే కార్డు మీద కొన్నారు.

ఇక్కడే అసలు చిక్కు దాగి ఉంది. కార్డుకు కట్టిన డబ్బు కార్డు మీదికే తిరిగి వచ్చింది, కాబట్టి ఆ కుటుంబం నిజానికి ఏమీ కట్టనట్టే. బాకీ నెలకు 4 శాతం పైన పెరుగుతూ పోయి ఏడాదికి దాదాపు 33,000 అవుతుంది. ఈ ఏడాదంతా ఒక్క గడువూ తప్పలేదు, 300 నుంచి 900 మధ్య లెక్కించే సిబిల్ స్కోరుపై ఎగవేత మచ్చ ఒక్కటీ పడలేదు, కాబట్టి "మీకు ముందే మంజూరైన రుణం" అంటూ ఫోన్లు ఆగవు. పైకి పద్ధతిగానే కనిపించే ఈ ఇంట్లో తరువాతి మెట్టు గాజులు తాకట్టు పెట్టడం. ఆ మెట్టు నిజానికి తెలివైనదే కావచ్చు, ఎందుకంటే బ్యాంకులో బంగారం మీద వడ్డీ సాధారణంగా నూటికి రూపాయికి లోపే, దానితో నాలుగు రూపాయల కార్డు బాకీ తీర్చవచ్చు. తీర్చాక కార్డు మళ్లీ ఖాళీ అయ్యి, నెల లోటు మాత్రం అలాగే మిగిలితే, మరుసటి ఏడాదికి రెండు అప్పులూ ఉంటాయి.

తప్పు ఖర్చుదా, ఆదాయానిదా, అప్పిచ్చినవారిదా?

పై ఉదాహరణలో ప్రతి వాదానికీ ఆధారం దొరుకుతుంది. మోతాదు మించి ఖర్చు పెట్టడమే మూలమనేవారు ఫ్రిజ్, ఫోను వాయిదాలను చూపిస్తారు. ఆ 3,300 లేకపోతే ఆపరేషను వాయిదా ఆ ఇంటికి మోయగలిగే బరువే. నగదు చేతినుంచి పోతున్నప్పుడు కలిగే బాధ ఫోను తెర మీద కలగదని, 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి జోడించుకునే వీలు రావడంతో టీ బిల్లు కూడా అప్పు అయ్యే పరిస్థితి వచ్చిందని వారు అంటారు. ఈ వాదనను తీసిపారేయలేం.

ఆదాయాలే మూలమనేవారు ఆపరేషనునూ బడినీ చూపిస్తారు. వైద్యం, చదువు సొంత జేబునుంచి కొనుక్కోవాల్సిన చోట పొదుపు నీతులు ఎంతవరకు పనిచేస్తాయని వారి ప్రశ్న. పల్లెల లెక్కలు వారి వైపు మాట్లాడతాయి. 2019 జాతీయ నమూనా సర్వేలో దేశంలోని వ్యవసాయ కుటుంబాల్లో 50.2 శాతం అప్పుల్లో ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో అది 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం. దేశం మొత్తం మీద ఆ కుటుంబాల బకాయిల్లో వ్యవసాయానికి తీసుకున్నది 57.5 శాతమే, మిగతాది ఇంటి అవసరాలు, పెళ్లిళ్లు, వైద్యం వంటి వాటికి పోయింది. ఈ అంకెల్లో కొంత భాగం మన రాష్ట్రాల్లో బ్యాంకులు, మహిళా సంఘాలు ఊరూరా విస్తరించి ఉండడం వల్ల కూడా వచ్చింది కాబట్టి, అప్పు ఎక్కువగా ఉండడాన్ని పేదరికానికి నేరుగా కొలతగా తీసుకోకూడదు.

అప్పిచ్చేవారి బాధ్యతను ఎత్తిచూపేవారి మాటా వినదగ్గదే. జీతం, పాత వాయిదాలు, స్కోరు అన్నీ కళ్లముందున్న సంస్థ, మోయలేనివారికి అప్పు ఇచ్చి ఆ తరువాత వసూలుకు మనుషులను పంపితే తప్పులో దానికి వాటా లేదనడం కష్టం. రిజర్వ్ బ్యాంకు కూడా ఈ దిశగా ఆలోచించినట్టే ఉంది. 2023 నవంబరులో, తాకట్టు లేని వినియోగ రుణాలకు బ్యాంకులు పక్కన పెట్టాల్సిన మూలధనాన్ని లెక్కించే ప్రమాద భారాన్ని 100 నుంచి 125 శాతానికి, బ్యాంకుల కార్డు బకాయిలకు 125 నుంచి 150 శాతానికి పెంచింది. రుణం ఇచ్చేవారికి అది కాస్త ఖరీదయ్యేలా చేసి వేగాన్ని తగ్గించే ప్రయత్నమది. నా అంచనాలో ఈ మూడు వాదాల్లో మూడోదే మన చర్చల్లో అన్నింటికంటే తక్కువగా వినిపిస్తుంది, ఎందుకంటే అప్పు తీర్చలేకపోవడాన్ని మనం ఇంటి పరువు సమస్యగా చూస్తాం తప్ప ఇద్దరి మధ్య కుదిరిన ఒప్పందం విఫలమైనట్టు చూడం.

2010లో మనం ఒకసారి చూసిన ప్రయోగం

అప్పులను గట్టిగా అడ్డుకుంటే ఏమవుతుందో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇప్పటికే చూసింది. ఒకే మహిళకు మూడు నాలుగు సూక్ష్మరుణ సంస్థలు అప్పులిచ్చి, వారం వారం ఇంటి ముందు కూర్చుని వసూలు చేస్తున్న రోజులవి. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఎస్‌కేఎస్ సంస్థ 2010 ఆగస్టులో స్టాక్ మార్కెట్‌లో అడుగుపెట్టింది. వేధింపులు భరించలేక ఆత్మహత్యలు జరుగుతున్నాయన్న వార్తల మధ్య, అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. సంస్థలు జిల్లాల్లో నమోదు చేసుకోవాలని, వారం వాయిదాలు మాని నెలకోసారి, అదీ బహిరంగ స్థలంలోనే వసూలు చేయాలని చెప్పింది. వేధింపులు ఆగాయి, ఆ వెంటే వసూళ్లు దాదాపు నిలిచిపోయాయి, కొత్త రుణాలూ ఆగిపోయాయి. దెబ్బతిన్న సంస్థలు ఇతర రాష్ట్రాల్లోనూ రుణాలు తగ్గించుకున్నాయి, అలా అప్పు ఒక్కసారిగా ఎండిపోయిన జిల్లాల్లో గ్రామీణ కూలిరేట్లు తగ్గాయని తరువాత ఆర్థికవేత్తల పరిశోధన తేల్చింది. అప్పు పుట్టని ఊరు కూడా నష్టపోతుందనడానికి ఇది ఆధారం. వేధింపులు కొనసాగనిచ్చి ఉండాల్సిందనడానికి మాత్రం ఇది ఆధారం కాదు.

ఆ అనుభవం నుంచే జాతీయ నిబంధనలు పుట్టాయి. మొదట రిజర్వ్ బ్యాంకు సూక్ష్మరుణాలపై వేసిన మాలెగాం కమిటీ సిఫారసులతో వడ్డీకి 26 శాతం పరిమితి వచ్చింది. 2022లో ఆ పరిమితిని తీసేసి, ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి ఇచ్చే సూక్ష్మరుణాల విషయంలో, అన్ని అప్పుల వాయిదాలూ కలిపి నెల ఆదాయంలో సగం మించకూడదన్న హద్దు పెట్టారు. కార్డులకూ మధ్యతరగతి వ్యక్తిగత రుణాలకూ ఇలాంటి హద్దు లేదు, అక్కడ ప్రతి సంస్థా తన సొంత కొలత పాటిస్తుంది.

కట్టలేకపోతే చట్టం ఏమంటుంది

అప్పు తీర్చలేకపోవడం నేరం కాదు, అది సివిల్ వివాదం. దీనికి రెండు ముఖ్యమైన మినహాయింపుల్లాంటివి ఉన్నాయి. ఇచ్చిన చెక్కు బౌన్సయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షను కింద కేసు వేయవచ్చు. బ్యాంకు ఖాతా నుంచి వాయిదా దానంతటదే కట్ అయ్యేలా ఇచ్చిన అనుమతి డబ్బు లేక విఫలమైతే, 2007 నాటి చెల్లింపుల వ్యవస్థల చట్టం 25వ సెక్షను కింద కూడా దాదాపు అలాంటి చర్యే సాధ్యం. ఈ రెండో సంగతి వాయిదాలు కట్టేవారిలో చాలామందికి తెలియదు.

వాయిదా 90 రోజులు దాటి ఆగితే బ్యాంకు దాన్ని మొండి బాకీగా వర్గీకరిస్తుంది. ఆలస్యానికి వేసే జరిమానా మీద మళ్లీ వడ్డీ వేయకూడదని 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది, 2024 నుంచి అది అమల్లో ఉంది. వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తరువాత ఫోను చేయకూడదని, బంధుమిత్రులను బెదిరించకూడదని 2022 నాటి ఆదేశం చెబుతుంది. బ్యాంకుతో రాజీకి వచ్చి కొంత మాఫీతో బాకీ ముగించినప్పుడు, రుణ చరిత్రలో "క్లోజ్డ్" అని కాక "సెటిల్డ్" అని నమోదవుతుంది. తరువాత అప్పు ఇచ్చేవారు ఆ తేడాను పట్టించుకుంటారు. స్నేహితుడి కోసం జామీను సంతకం పెట్టినవారి బాధ్యత కూడా అసలు అప్పు తీసుకున్నవారితో సమానమని భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను చెబుతోంది. బ్యాంకు ముందు స్నేహితుడినే అడగాలన్న నియమమేదీ అందులో లేదు.

ఇవేవీ కుదరనప్పుడు మిగిలేది దివాలా, మన ఊళ్ల మాటలో ఐపీ పెట్టడం. 2016లో వచ్చిన దివాలా స్మృతిలో వ్యక్తుల కోసం ఒక భాగం ఉంది, కొత్తగా మొదలుపెట్టే అవకాశమిచ్చే ఏర్పాట్లు అందులో రాసి ఉన్నాయి. కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారి వరకు మాత్రమే ఆ భాగాన్ని 2019 డిసెంబరులో అమల్లోకి తెచ్చారు. గుంటూరు ఉద్యోగి లాంటి మామూలు రుణగ్రహీతకు ఇవాళ్టికీ వర్తించేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే. ఆ చట్టం కింద కోర్టు తలుపు తట్టడానికి ఉండాల్సిన కనీస అప్పు ఐదు వందల రూపాయలు.